ముప్ఫై రెండు క్లిక్కులు, మా అమ్మ నడుము

ముందే చెప్పేస్తున్నాను. ఈ టపా చదివాక నా స్నేహితుల్లో కనీసం నలుగురు నాతో మాట్లాడ్డం మానేస్తారు. ఆ నలుగురి కార్లకీ కాయిలోవర్లున్నాయి. నా కారుకీ ఉన్నాయి గనక ఈ తిట్లలో మొదటి వాటా నాదే. మిగిలింది వాళ్ళు సమానంగా పంచుకోవచ్చు.

విషయం ఏంటంటే, మన ఐటీ జనాలకి జీతం ఒక అంకె దాటగానే కారు వస్తుంది. ఇంకో అంకె దాటగానే ఆ కారు నచ్చడం మానేస్తుంది. అప్పుడు మొదలవుతాయి. ముందు అలాయ్ చక్రాలు, తర్వాత ఎగ్జాస్టు, ఆఖర్న అడ్జస్టబుల్ సస్పెన్షన్. లక్ష పైచిలుకు పోసి, ముప్ఫై రెండు క్లిక్కులున్న షాకబ్జర్లు కొంటాం. ఆ ముప్ఫై రెండింట్లో వాడేది ఒక్కటే, అన్నిటికంటే గట్టిది. 'అడ్జస్టబుల్' అన్న మాటలో అడ్జస్ట్ చెయ్యడం అనే పని ఒకటుందని మనకెవరూ చెప్పరు, మనమూ అడగం.

కాయిలోవర్ అంటే తెలియనివాళ్ళ కోసం రెండు ముక్కలు. షాకబ్జరు చుట్టూ స్ప్రింగు ఉంటుంది. షాకబ్జరు గొట్టం మీద మరలుంటాయి. ఆ మరల మీద కాలరు తిప్పితే బండి ఎత్తు పెరుగుతుంది, తగ్గుతుంది. పైన చిన్న నాబు ఉంటుంది, అది తిప్పితే డాంపింగ్ మారుతుంది. అంతే. అందులో బ్రహ్మవిద్య ఏమీ లేదు. బ్రహ్మవిద్యంతా ఎంత తిప్పాలన్న దాంట్లో ఉంది.

ఇక కథ. నాది శ్రీకాకుళం జిల్లా, టెక్కలి దగ్గర ఊరు. విజయనగరంలో మెకానికల్ ఇంజనీరింగ్ చదివి హైదరాబాదులో జావా రాస్తున్నాను. (ఇందులో వింతేం లేదు. మా బ్యాచ్‌లో మెకానికల్ ఉద్యోగం చేస్తున్నవాళ్ళని లెక్కపెట్టడానికి ఒక చెయ్యి చాలు.) 2023 చివర్లో సిటీలో ఒక గ్యారేజీలో నా హ్యాచ్‌బ్యాక్‌కి కాయిలోవర్లు వేయించాను. అతను నన్నడిగిన ప్రశ్నలు రెండు. ఎంత దించాలి? డబ్బులెలా కడతారు? ఏ రోడ్ల మీద తిరుగుతారు, ఎంతమంది ఎక్కుతారు అని అడగలేదు. నేనూ చెప్పలేదు. రెండంగుళాలు దించి, నాబులు నాలుగూ ఆఖరిదాకా బిగించి, 'హైవేలో పట్టాల మీద పోయినట్టు పోతది అన్నా' అన్నాడు.

ఔటర్ రింగ్ రోడ్డు మీద నిజంగా అలాగే పోయింది. వచ్చిన చిక్కల్లా అదే. నున్నటి రోడ్డు మీద గట్టి సస్పెన్షన్ ఎప్పుడూ అబద్ధమే చెప్తుంది, ఆ అబద్ధం వినడానికి బావుంటుంది.

2024 సంక్రాంతికి ఆ బండేసుకుని ఊరెళ్ళాను. కనుమ మర్నాడు అమ్మనీ నాన్ననీ చెల్లినీ ఎక్కించుకుని, డిక్కీ నిండా అరిసెలూ బియ్యం బస్తా సర్దుకుని సాలూరులో మా మావయ్య ఇంటికి బయల్దేరాం. చిలకపాలెం దగ్గర హైవే దిగి రాజాం, బొబ్బిలి, రామభద్రపురం మీదుగా. ఆ దారిలో తిరిగినవాళ్ళకి మిగతాది చెప్పక్కర్లేదు.

రాజాం దాటాక ఒక మలుపులో వరసగా మూడు గోతులు. నేను యాభైలో ఉన్నాను, అరవైలో కాదు, వందలో అసలే కాదు. మొదటి గోతికి వెనక చక్రాలు లేచాయి. రెండోదానికి కిందకి దిగనే లేదు. మూడోదానికి బండి వెనక భాగం అడ్డంగా బయటికి జరిగింది. ఎదురుగా సైకిల్ మీద గడ్డిమోపుతో ఒక పెద్దాయన. ఆయన సైకిలొదిలేసి పక్కకి దూకాడు. బండి ఆ సైకిల్ హ్యాండిల్‌కి జానెడు దూరంలో ఆగింది.

ఆయన తిట్టలేదు. 'సూసుకోవాల గదా బాబూ' అన్నాడు, అంతే. మోపు ఎత్తుకోడానికి సాయం చేస్తుంటే నా చేతులు వణకడం ఆయన చూశాడు. నాన్న బండి దిగలేదు, ఒక్క మాటా అనలేదు. రామభద్రపురంలో టీకి ఆపితే అమ్మ దిగలేకపోయింది. ఆవిడకి నడుం నొప్పి పాతది, నాకు తెలియనిది కాదు. డోరు పట్టుకుని లేచి, 'బస్సులో ఎల్లినా బాగుణ్ణు గదరా' అంది.

తిరుగు ప్రయాణంలో అమ్మా నాన్నా చెల్లీ సాలూరులో ఆర్టీసీ బస్సెక్కారు. నేను ఆ బస్సు వెనకాల ఖాళీ కారు తోలుకుంటూ వచ్చాను. లక్ష పైచిలుకు పెట్టి నేను కొనుక్కున్నది ఇదన్నమాట.

మధ్యలో ఒక ముఖ్యమైన ఘట్టం ఉంది, మావయ్యది. సాలూరు సంగతి తెలియనివాళ్ళకి చెప్తున్నాను, అది లారీల ఊరు. ఇటు మైదానం, అటు ఘాటీ ఎక్కితే సుంకి, కోరాపుట్, ఆపైన ఛత్తీస్‌గఢ్. అక్కడ పిల్లలకి కూడా కమాను కట్టల గురించి తెలుసు. మావయ్య ముప్ఫయ్యేళ్ళు ఆ ఘాటీలో లారీ తోలాడు. నా కారు ముందు మడ్గార్డు మీద రెండు చేతులూ ఆనించి బరువంతా వేసి నొక్కాడు. కదల్లేదు.

'ఏటల్లుడూ, దీనికి స్ప్రింగులెట్టించినావా, సిమెంటు పోయించినావా?' అన్నాడు.

నేను డాంపింగ్ గురించీ, మలుపుల్లో బండి వాలకుండా ఉండడం గురించీ ఏదో చెప్పబోయాను. ఆయన విని, 'మా కాడ కమాను కట్టకి ఇంకో పట్టీ ఎక్కించమంటే మేస్త్రి ముందు ఏటడుగుతాడో తెల్సా? సరుకేటి, రోడ్డేటి అని. నీకు పెట్టినోడు అడిగినాడా?' అన్నాడు.

'అడగలేదు మావా.'

'మరి డబ్బులెందుకిచ్చినావు?'

ఈ ప్రశ్నకి జవాబు నా దగ్గర ఇప్పటికీ లేదు.

ఇక్కడ మనవాళ్ళకి ఒక భ్రమ ఉంది. అడ్జస్టబుల్ సస్పెన్షన్ అంటే జపాన్ నుంచో జర్మనీ నుంచో దిగిన కొత్త విద్య అని. కాదు బాబూ! అంబాసిడర్ కారుకి ముందర టార్షన్ బార్లుండేవి. ముక్కు వాలిపోయిన బండిని ఆ బారు సర్ది మళ్ళీ ఎత్తేవాళ్ళు. ఆ కారు తయారీ 2014లో ఆగిపోయింది గానీ విద్య అంతకుముందు దశాబ్దాల పాటు మన మెకానిక్కుల చేతుల్లో ఉంది. లారీ కమాను కట్ట సంగతి సరేసరి, పట్టీ వెయ్యడం, తియ్యడం అడ్జస్ట్‌మెంట్ కాక మరేంటి? అదీ వద్దు, మీ నాన్నగారి స్ప్లెండర్ వెనక షాకబ్జరు కింద చూడండి. ఐదు మెట్లుంటాయి. ఒక్కరే వెళ్తే ఒక మెట్టు, వెనక మనిషీ బియ్యం బస్తా ఉంటే ఇంకో మెట్టు. మనిళ్ళల్లో ఆ మెట్టు మార్చినవాళ్ళెవరైనా ఉన్నారా? షోరూంలో ఏ మెట్టు మీద ఇచ్చారో అమ్మేసేనాటికీ అదే మెట్టు. ఉన్న ఐదు మెట్లు వాడనివాడు ముప్ఫై రెండు క్లిక్కులు కొనడమే ఈ కథలో అసలు హాస్యం.

సరే, తిట్లు చాలు, లెక్కలకొద్దాం. మనం ఇంజనీర్లం కదా, కనీసం డిగ్రీ కాగితం మీద.

నా కారు ముందు ఒక మూల స్ప్రింగు మోసే బరువు సుమారు 280 కేజీలనుకోండి. మామూలు స్ప్రింగు గట్టిదనం మిల్లీమీటరుకి 2 కేజీలు అనుకుందాం. మూడో సంవత్సరంలో మనందరం బట్టీ పట్టి పరీక్ష హాల్లో వదిలేసి వచ్చిన సూత్రం ఉంది, గట్టిదనాన్ని ద్రవ్యరాశితో భాగించి వర్గమూలం తీసి రెండు పైతో భాగించడం. అది వేస్తే సెకనుకి 1.3 ఊపులు వస్తాయి. ఊళ్ళల్లో తిరిగే కార్లని 1 నుంచి 1.5 మధ్య పెడతారు గనక ఇది సరిగ్గానే ఉంది. నాకు అంటగట్టిన స్ప్రింగు మిల్లీమీటరుకి 6 కేజీలు. అదే లెక్క వేస్తే 2.3 ఊపులు. అది రేసు ట్రాక్ మీద తిరిగే బండి లెక్క. పైగా కూర్చున్న మనిషి వెన్నుకి 4 నుంచి 8 మధ్య ఊపులు అన్నిటికంటే చెరుపు చేస్తాయని కంపనాల మీద పనిచేసినవాళ్ళు ఎప్పుడో తేల్చారు. కంపెనీవాళ్ళు బండిని 1.3 దగ్గర పెట్టింది దానికి దూరంగా ఉండడానికే. మనం డబ్బిచ్చి మరీ దగ్గరికి జరిగాం. ఇదంతా చదివినవాణ్ణి, పాసైనవాణ్ణి, కొనేముందు ఒక్కసారి కాల్‌క్యులేటర్ తియ్యలేదు.

ఇప్పుడు ఎత్తు సంగతి. స్పీడ్ బ్రేకర్ ఎలా ఉండాలో ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 1988లోనే రాసిపెట్టింది. గంటకి 25 కిలోమీటర్ల వేగానికి 17 మీటర్ల వ్యాసార్ధం, 3.7 మీటర్ల పొడవు, 10 సెంటీమీటర్ల ఎత్తు. అలాంటి దాని మీద రెండున్నర మీటర్ల వీల్‌బేస్ ఉన్న బండి ఎక్కితే కడుపు కింద పోయేది నాలుగున్నర సెంటీమీటర్లే. దేనికీ తగలదు. మా ఊరి మలుపులో ఉన్నదాన్ని నేనే టేపు పెట్టి కొలిచాను. ఎత్తు 12 సెంటీమీటర్లు, వెడల్పు అడుగున్నర. దాన్ని బ్రేకర్ అనరు, పిట్టగోడంటారు. దాని మీద కడుపు కింద పన్నెండుకి పన్నెండూ పోతాయి.

కంపెనీ చెప్పిన గ్రౌండ్ క్లియరెన్స్ 170 మిల్లీమీటర్లు, అదీ ఖాళీ బండికి. మనుషులూ సామానూ కలిపి 300 కేజీలు ఎక్కితే మూలకి 75 కేజీలు. 2 కేజీల స్ప్రింగు 37 మిల్లీమీటర్లు నొక్కుకుంటుంది, మిగిలేది 133. పిట్టగోడ మీంచి గట్టెక్కుతుంది. నా బండి 50 దించారు కాబట్టి 120, అందులో గట్టి స్ప్రింగు గనక 12 మాత్రమే నొక్కుకుని 108. తగుల్తుంది. తగిలింది కూడా. అందర్నీ దింపి, ఖాళీ బండి ఏటవాలుగా ఎక్కించి, అవతల మళ్ళీ ఎక్కించుకోవడం. మా ఊళ్ళో పిల్లలకి పండగపూట ఇది మంచి కాలక్షేపం అయింది.

(వెనక స్ప్రింగు వేరు, షాకబ్జరు వేరు, బరువంతా నాలుగు మూలలకీ సమానంగా పడదు. తెలుసు. సులువుగా ఉండడానికి సగటు లెక్క వేశాను, ఎవరూ కర్రలు తియ్యకండి.)

ఇప్పుడు వాదనలు. నా స్నేహితులు చెప్పేవి వరసగా చూద్దాం.

'గట్టిగా ఉంటే గ్రిప్ ఎక్కువ.' గ్రిప్ ఇచ్చేది టైరు, అదీ నేల మీద ఉన్నప్పుడు. గాల్లో ఉన్న టైరు గ్రిప్ సున్నా. రాజాం దగ్గర నేను నేర్చుకున్నది ఇదే. గోతిలోకి చక్రం దిగాలి, దిగి మళ్ళీ లేవాలి, ఈలోగా బండి శరీరం తన దారిన తను పోవాలి. చక్రం దిగకపోతే బండికి ఆ క్షణంలో మూడు కాళ్ళే.

'నాబ్ తిప్పితే మెత్తబడుతుంది కదా, ఎప్పుడైనా మార్చుకోవచ్చు.' నాబు స్ప్రింగుని మార్చదు. షాకబ్జరులో ఆయిలు పోయే దారిని చిన్నదీ పెద్దదీ చేస్తుంది, అంతే. 6 కేజీల స్ప్రింగు ఏ క్లిక్కు మీదైనా 6 కేజీలే. పైగా ఒకే నాబున్న చాలా సెట్లలో అది ఎక్కువగా మార్చేది స్ప్రింగు తిరిగి లేచే వేగాన్ని. దాన్ని ఆఖరిదాకా బిగిస్తే ఏమవుతుంది? మొదటి గోతికి నొక్కుకున్న స్ప్రింగు లేవకముందే రెండోది వస్తుంది, అది లేవకముందే మూడోది. బండి మెట్టు మెట్టుగా కిందకి కుంగి రబ్బరు బంప్‌స్టాపుల మీద కూర్చుంటుంది. అప్పుడు సస్పెన్షన్ అంటూ ఏమీ లేనట్టే. హైవే మీద టోల్‌గేటు ముందు వరసగా పరిచే గీతల మీద ఒకసారి ఇది గమనించండి. మొదటి రెండు గీతలూ బాగానే ఉంటాయి, ఆ తర్వాత పళ్ళు కొట్టుకుంటాయి.

'కాలరు బిగిస్తే స్ప్రింగు గట్టిపడుతుంది.' పడదు. మామూలు స్ప్రింగుకి కాలరు పది మిల్లీమీటర్లు ఎక్కిస్తే బండి దాదాపు పది లేస్తుంది, స్ప్రింగు మోసే బరువు మాత్రం అదే. మారేది పైకెంత, కిందకెంత కదిలే చోటుందన్నది. కాలరు దింపి బండిని కుంగదీస్తే కిందకి కదిలే చోటు తగ్గిపోతుంది. షాకబ్జరు కింది భాగం విడిగా తిరిగే ఖరీదైన సెట్లలో చోటు తగ్గకుండా ఎత్తు మార్చుకోవచ్చు. మనం కొనేది ఏ రకమో కొనేముందు అడగాలి. నేను అడగలేదని వేరే చెప్పాలా?

'రేసు కార్లన్నీ గట్టిగానే ఉంటాయి.' ఏ రేసు? చెన్నై దగ్గర ఇరుంగట్టుకొట్టై ట్రాక్ మీదైతే ఉంటాయి, అది నున్నటి తారు. అదే మట్టిరోడ్ల మీద నడిచే ర్యాలీ కార్లని చూడండి. పొడుగాటి కాళ్ళు, బోలెడంత కదలిక, మెత్తటి స్ప్రింగులు. వాళ్ళకి వేగం తెలియకనా? రాజాం రోడ్డు ఇరుంగట్టుకొట్టైకి చుట్టమా, ర్యాలీకి చుట్టమా మీరే చెప్పండి. ఫ్రాన్సులో సిట్రోయెన్ వాళ్ళు రైతుల కోసం ఒక కారు తలపెట్టినప్పుడు పెట్టిన షరతు, దున్నిన పొలంలో గుడ్లబుట్ట పెట్టుకుని వెళ్ళినా ఒక్క గుడ్డూ పగలకూడదని. 1948లో అది టూసీవీగా జనం ముందుకొచ్చి నలభై ఏళ్ళకి పైగా తయారైంది. బండి ఎవరి కోసం, ఏ నేల మీద అన్న ప్రశ్నతో మొదలుపెట్టారు వాళ్ళు. సాలూరు మేస్త్రి అడిగేదీ అదే ప్రశ్న.

ఇంకో పక్షం ఉంది, వాళ్ళనీ వదలను. 'కంపెనీ ఇంజనీర్లకి తెలీదా, ఒక్క నట్టు కూడా ముట్టుకోకూడదు' అనేవాళ్ళు. అయ్యా, కంపెనీ ఇంజనీరు ఢిల్లీకీ టెక్కలికీ ఒకే బండి చేస్తాడు. ఒక్కడే తిరిగేవాడికీ ఐదుగురెక్కేవాడికీ ఒకే స్ప్రింగు ఇస్తాడు. అది సగటు జవాబు, మంచి సగటే గానీ సగటే. మన రోడ్డుకీ మన బరువుకీ సర్దుకోవాలనుకోవడం తప్పు కాదు. సర్దకుండానే సర్దినట్టు నటించడం తప్పు.

చట్టం సంగతీ దాచను. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ఉంది. తయారీదారు ఇచ్చి రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్లోకెక్కిన వివరాలు మారేలా బండిని మార్చకూడదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు చెప్పింది. అదే ఏడాది చట్టానికి చేసిన సవరణలో, అనుమతి లేని ఒక్కో మార్పుకీ ఐదు వేల జరిమానా గానీ ఆర్నెల్ల దాకా జైలు గానీ రెండూ గానీ అని పెట్టారు. కాయిలోవర్లు దీనికిందకొస్తాయా రావా అని మనం గంటలకొద్దీ వాదించుకోవచ్చు. కాకపోతే ఆ వాదన చెయ్యాల్సింది నాతో కాదు, రోడ్డు మీద ఆపిన ఇన్‌స్పెక్టర్‌తో, ఆ తర్వాత ఇన్సూరెన్స్ సర్వేయరుతో. ఇవి తెలిసి దిగండి, లేకపోతే దిగకండి.

ఇంత తిట్టాక ఏం చెయ్యాలో చెప్పకపోతే బావుండదు. ఆ సంక్రాంతి తర్వాత నేను దాదాపు ఆర్నెల్లు చేసింది ఇది.

1. ముందు టైర్లలో గాలి. డోరు దగ్గర స్టిక్కరు మీద రాసినంత, బండి చల్లగా ఉన్నప్పుడు. అరిగిన బుష్‌లూ బాల్ జాయింట్లూ మార్పించాలి. పునాది కుళ్ళిన ఇంటికి రంగులెందుకు?

2. చదునైన నేల మీద నిలబెట్టి చక్రం మధ్య నుంచి మడ్గార్డు అంచు దాకా నాలుగు వైపులా కొలవాలి. డ్రైవర్ సీట్లో మనిషుండాలి. ఊరి ప్రయాణాలే ఎక్కువైతే ఊరికి వెళ్ళే బరువుతోనే కొలవాలి. ఎత్తు మార్చిన ప్రతిసారీ బండిని కొంత దూరం నడిపి, కుదురుకున్నాకే మళ్ళీ టేపు పట్టాలి.

3. షాకబ్జరు కడ్డీకి ఒక ప్లాస్టిక్ టై కట్టండి. బండి తిప్పి వచ్చాక అది ఎక్కడిదాకా జరిగిందో చూస్తే ఎంత కదిలిందో తెలుస్తుంది. నాది ప్రతిసారీ బంప్‌స్టాప్ దాకా పోయింది. పది రూపాయల టై చెప్పిన నిజం లక్ష రూపాయల సెట్టు చెప్పలేదు.

4. ఎత్తు మార్చాక అలైన్‌మెంట్ తప్పనిసరి. ఎత్తు మారితే చక్రాల టో, క్యాంబర్ మారిపోతాయి. టో తప్పితే టైర్లు లోపలి అంచున తినేస్తాయి, మీకు కనపడదు. హెడ్‌లైట్ల వాలు కూడా చూడండి, ఎదుటివాడి కళ్ళు కూడా కళ్ళే.

5. డాంపింగ్ చివర్న. నాబు పూర్తిగా మెత్తన చేసి మొదలుపెట్టండి, గట్టి నుంచి కాదు. తెలిసిన ఒకే రోడ్డు మీద, ఒకే వేగంతో. బండి గోతి దాటాక ఇంకా ఊగుతుంటే రెండు క్లిక్కులు బిగించండి. ఊపు ఒక్కదానితో ఆగితే చాలు, అక్కడ ఆగిపోండి. ముందువీ వెనకవీ ఒకేసారి మార్చకండి.

6. అంతా రాసుకోండి. తారీఖు, క్లిక్కులు, ఎత్తు, ఏమనిపించింది. ప్రొడక్షన్‌లో ఒకేసారి నాలుగు మార్పులు పెట్టి ఏది పగిలిందో తెలీక రాత్రంతా కూర్చున్నవాళ్ళం మనం. ఆఫీసులో వెయ్యి నీతులు చెప్తాం, ఒక్కసారికి ఒక్క మార్పు, వెనక్కి తిరిగే దారి ఉండాలి అని. అమ్మ కూర్చునే బండికి మాత్రం ఆ నీతులేవీ వర్తించవు కాబోలు!

నేనెక్కడ తేలానో చెప్తాను. 6 కేజీల స్ప్రింగులు తీసేసి మూడున్నర కేజీలవి వేయించాను (మళ్ళీ డబ్బులు). అదే లెక్కతో చూస్తే 1.8 ఊపులు. ఇప్పటికీ కంపెనీదానికంటే గట్టిదే, 2.3 మాత్రం కాదు. ఎత్తు 30 మిల్లీమీటర్లు పెంచాను, అంటే ఒరిజినల్ కంటే 20 మాత్రమే తక్కువ. 300 కేజీలు ఎక్కితే 21 నొక్కుకుని 129 మిగుల్తుంది. పిట్టగోడ గట్టెక్కుతుంది. నాబులు ముందు గట్టి చివర నుంచి 22 వెనక్కి, వెనక 25.

ఆ అంకె మళ్ళీ చూడండి. కంపెనీ బండి నిండు బరువుతో 133. నాది 129. లక్ష పైచిలుకూ, ఆర్నెల్ల ఆదివారాలూ పెట్టి నేను చేరింది బయల్దేరిన చోటికి నాలుగు మిల్లీమీటర్ల దూరానికి! మలుపుల్లో కొంచెం బావుంటుంది, కాదనను. ఆ కొంచెం కోసం ఇంత చెయ్యడం నాకు సరదా గనక చేశాను. మీకు సరదా లేదా? అయితే దయచేసి కొనకండి. ఆ డబ్బుతో మంచి టైర్లు నాలుగు వేయించి, అరిగిన షాకబ్జర్లుంటే కంపెనీవే కొత్తవి వేయించి, మిగిలింది ఇంటికి పంపండి. ఇదీ నేను చెప్పదల్చుకున్నది. సెట్ చేసే ఓపిక లేనివాడి చేతిలో అడ్జస్టబుల్ సస్పెన్షన్ ఒక అలంకారం. ఆ అలంకారం ఖరీదు కట్టేది వాడు కాదు, వెనక సీట్లో కూర్చున్నవాళ్ళూ, ఎదురుగా గడ్డిమోపుతో వచ్చేవాళ్ళూ.

2025 సంక్రాంతికి మళ్ళీ సాలూరు వెళ్ళాం, అదే దారిన. అమ్మని ఎక్కించడానికి చాలా బతిమాలాల్సొచ్చింది. రాజాం మలుపు దగ్గర నేను ముప్ఫైకి దించాను (సస్పెన్షన్ బాగుచేసుకున్నంత మాత్రాన గోతులు పూడవు కదా). రామభద్రపురంలో టీకి ఆపితే తనే డోరు తీసుకుని దిగింది. ఎలా ఉందమ్మా అనడిగాను.

'పరవాలేదురా, బస్సులాగే ఉంది' అంది.

కాయిలోవర్ల కులస్థులకి ఇంతకంటే పెద్ద అవమానం లేదు. నాకు మాత్రం డిగ్రీ ఇప్పుడే చేతికొచ్చినట్టుంది.

తా.క.: మన జిల్లావాళ్ళకి ప్రత్యేకం. శ్రీకాకుళానికి 193 కిలోమీటర్ల సముద్రతీరం ఉంది. ఉప్పుగాలి కాలరు మరల్ని ఊరుకోనివ్వదు. బారువ, కళింగపట్నం పక్క ఊళ్ళల్లో కారు నిలబెట్టేవాళ్ళు ప్రతి సర్వీసుకీ మరలు కడిగి, తుడిచి, గ్రీజు రాయండి. లేకపోతే రెండేళ్ళకి మీ అడ్జస్టబుల్ సస్పెన్షన్ అడ్జస్ట్ కాని సస్పెన్షన్ అయిపోతుంది. అప్పుడు మావయ్య నవ్వుతాడు. నాకలవాటైపోయింది గానీ, మీకు కష్టం.